గార్డుగారి వేసవి విడిది

సంచిలో స్వెటర్ పెట్టాలా, శాలువా పెట్టాలా అన్నది తేలక గార్డుగారి భార్య రెండూ పెట్టింది. వాటి మీద రెండు జతల మేజోళ్లు, ఒక మఫ్లరు.

మెడ దగ్గర మొదలైన చెమట వీపు దాకా కారుతోంది. కిటికీ తెరిస్తే వేడి గాలి, మూస్తే ఉక్క. నిన్న ఆరేసిన తువ్వాలు ఇవాళ పిండినా నీళ్లొచ్చేలా ఉంది. అలాంటి గదిలో కూర్చుని ఉన్ని బట్టలు మడతపెడుతుంటే ఆమెకే నవ్వొచ్చింది.

"జలుబు మందు పెట్టావా?" అన్నాడు గార్డుగారు, ఫ్యాను కింద నిలబడి బనియను పొట్ట మీదికి ఎత్తుకుని.

"పెట్టానండీ."

"రెండో కళ్లజోడు? చదరంగం బల్ల? రేడియో?"

"అన్నీ పెట్టాను. కాపురమంతా మూట కట్టేస్తున్నారు. ఇంతకీ ఉండేది ఎన్నాళ్లు?"

"వానలు పడేదాకా. అక్కడికెళ్లాక అది మర్చిపోయా, ఇది మర్చిపోయా అని మాటిమాటికీ తిరిగితే బాగుండదు. వాడికి ఊరికే తలుపు తీసినా గిట్టదు."

వాడంటే ఆయన తమ్ముడు. భార్య పోయింది, పిల్లల్లేరు. 'వచ్చెయ్ అన్నయ్యా, నా దగ్గర దుప్పటి కప్పుకోనిదే నిద్ర పట్టదు' అని పది రోజులుగా ఊరిస్తున్నాడు.

"పోనీ నేనూ వస్తానండీ."

"నువ్వా! ఆ చలికి నీ మోకాళ్లు బిగుసుకుపోతాయే. అయినా ఉన్నవి రెండే మంచాలు. నువ్వూ వచ్చేస్తే ఇక్కడ ఎవరు చూసుకుంటారు?"

తన మోకాళ్ల మీద ఆయనకింత శ్రద్ధ ఉందని నలభై ఒక్క ఏళ్ల కాపురంలో ఆమెకు అప్పుడే తెలిసింది.

ముప్పై నాలుగేళ్లు రైళ్లలో పచ్చజెండా ఊపినవాడు ఆయన. ఉద్యోగం వదిలినా గడియారం వదల్లేదు. పది గంటల పది నిమిషాలకు బయలుదేరతానన్నాడు. సరిగ్గా పది పదికి సంచి భుజాన వేసుకున్నాడు.

"వెళ్తున్నా."

"ఆ మాట అనకండి. వెళ్లొస్తానని అనండి."

"సరేలేవే, వెళ్లొస్తా. యుద్ధానికి పంపుతున్నట్టు ఆ మొహమేంటి?"

ఆమె భయం ఆమెది. సాయంత్రానికల్లా వస్తానని వెళ్లిన నాన్న ఆమెకు ఇంకా గుర్తే. కాన్పు కాగానే వస్తానన్న అక్కా గుర్తే. అందుకే ఆయన వీపు కనుమరుగయ్యేదాకా గుమ్మంలోంచి కదల్లేదు.

చేరగానే ఫోన్ చేశాడు.

"స్వర్గమంటే ఇదేనే! ఇరవై రెండు డిగ్రీలు. ముక్కు కొస చల్లబడింది. అక్కడెలా ఉంది?"

"ఎలా ఉంటుంది? మీరు వదిలేసి వెళ్లినట్టే ఉంది."

తమ్ముడు ఫోన్ లాక్కున్నాడు. "వదినా, నువ్వేం బెంగ పెట్టుకోకు. అన్నయ్య ఇప్పుడే స్వెటర్ వేసుకున్నాడు. చూస్తే నవ్వాగదు!"

ఆ తర్వాత ఆయన ఫోన్లో ఒక్క తుమ్ము తుమ్మితే చాలు, ఇక్కడ ఈవిడ ప్రాణం కొట్టుకునేది. వేడినీళ్లు తాగారా, చెవులకు మఫ్లరు చుట్టుకున్నారా అని అడిగేది. అడుగుతూ కొంగుతో మొహం తుడుచుకునేది. తుడిచిన కొంగే మొహాన్ని మళ్లీ తడిపేది.

మధ్యలో కూతురి ఫోన్.

"ఇంకా బాబాయి దగ్గరే ఉన్నాడా? సిగ్గు లేదూ నాన్నకి, నిన్నొక్కదాన్నే ఆ ఉక్కలో వదిలెయ్యడానికి!"

"పోనీలేవే, పెద్దాయన. తట్టుకోలేకపోతున్నారు."

"నువ్వేమన్నా పదహారేళ్ల పిల్లవా? సరే, నా మాట విను. మేమిక్కడ కిటికీలకి తడి దుప్పట్లు కడతాం. ఎంత వడగాలైనా లోపలికొచ్చేసరికి చల్లబడుతుంది. నువ్వూ కట్టు."

కట్టింది. కూతురుండే చోట పొడి ఎండ. చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. ఇక్కడ గాలే ఒక తడిబట్ట. దానికి రెండు దుప్పట్లు తోడయ్యేసరికి గది ఆవిరి గిన్నె అయింది. గోడ మీది క్యాలెండరు మెత్తబడి తలవంచుకుంది. ఆవిడ దుప్పట్లు పీకి, నేల తుడిచి, ఆ నేల మీదే పడుకుంది.

జూన్ మూడో వారంలో వాన పడింది. ఆమె లేచి ఆయన పరుపు దులిపింది. దిండుకు ఉతికిన గలీబు తొడిగింది. అప్పుడు ఫోన్ చేసింది.

"ఏమండీ, వానలొచ్చేశాయి."

"వినపడుతోందే. కానీ వాన వెలిశాక ఉక్క ఇంకా చంపేస్తుంది. కాస్త చూద్దాం."

చూశారు. నవంబరులో మళ్లీ ఆమే ఫోన్ చేసింది.

"ఏమండీ, చల్లగాలి తిరిగింది. ఫ్యాను కూడా అక్కర్లేదు."

"చలికాలం ఇక్కడ భలే వెచ్చగా ఉంటుందే. తలుపులన్నీ బిగుతు. ఈదురుగాలి చొరబడదు."

"మరి నేనూ..."

"నీకేంటే? గదంతా నీదే. మంచానికి అడ్డంగా పడుకో, అడిగేవాడే లేడు."

పక్కనుంచి తమ్ముడి గొంతు వినపడింది. "రాజుకి చెక్ అన్నయ్యా!"

ఫోన్ ఆగిపోయింది.

ఏప్రిల్ తొమ్మిదో తారీఖున పది గంటల పది నిమిషాలకు, అదే ఇంట్లో, నడవాకు అటువైపున్న తమ్ముడి ఏసీ గదిలోకి వెళ్లి తలుపేసుకున్న గార్డుగారు, మూడు పూటలా ఆమె వండి తెచ్చిన పళ్లేన్ని తలుపు సందులోంచి చెయ్యి చాచి అందుకుంటూనే, పద్నాలుగు అడుగుల దూరంలో ఉన్న ఆమె గదికి మళ్లీ ఎన్నడూ తిరిగి రాలేదు.