గోరువెచ్చన

"చూశావా అమ్మాయ్! మందు కలిపినా చావని మొండి బ్యాక్టీరియా!" ల్యాబులో ప్లేటు చూపించారు రీసెర్చ్ గైడు.

"నా ప్లేట్లలో అదే చచ్చింది సార్," అంది విద్యార్థిని. పేరు కోసం ఈయన ఫలితాలు కల్పిస్తున్నారా? ఈసారి ఆయన చేతుల మీదే ఓ కన్నేసి ఉంచింది.

బ్యాక్టీరియా పెరగడానికి ప్లేట్లలో పోసే అగర్ జెల్లీని మరిగించి దించిన ఫ్లాస్కును ఆయన అరచేత్తో పట్టుకున్నారు.

"గోరువెచ్చగా ఉంది, మందు కలుపు. వేడి మీద కలిపితే మందు పాడైపోతుంది, గుర్తుందిగా?"

అందుకోబోయి చెయ్యి లాక్కుంది. "అమ్మో! కాలిపోతోంది సార్!"

"చాల్లే, నీ నాజూకు!"

ఆయన అరచెయ్యి తిప్పి చూసింది. నిండా బొబ్బలు, కొన్ని పాతవి.

"మీకు వేడి తెలియట్లేదా సార్?"

"షుగరు వచ్చాక కాస్త తిమ్మిరి, అంతే..."

ఆయన చూపు బీరువాలో పేర్చిన ప్లేట్ల మీదికి మళ్లింది.

"అయితే ఇవన్నీ... చావాల్సినవేనా?"