గోడలో ఆల్బఖరా సారా

"నేను బతికుండగా ఆ గోడలో ఒక్క రాయి కదలడానికి వీల్లేదు!"

సొలాంజ్ ఇంకా టోపీ కూడా తీయలేదు. పారిస్ నుంచి తెచ్చిన పెట్టెలు గుమ్మంలోనే ఉన్నాయి. ఏటా ఆగస్టు రాగానే మొగుడు లూసియాన్‌ని వెంటబెట్టుకుని ఈ పల్లెకు వచ్చి నెల్లాళ్ళు ఉంటుంది. పోయిన చెల్లెలి మీద ప్రేమ అంటుంది. ఆ చెల్లెలు మంచం పట్టిన ఏడాది మాత్రం తీరిక దొరకలేదు.

చెల్లెలి మొగుడు ఒక్తావ్ చేతులకున్న సున్నం దులుపుకున్నాడు. చూరు పెంకులు మార్చింది అతనే. నేల తవ్వి పలకలు పరిచింది అతనే. కానీ ఇల్లు మామగారిది. సగం సొలాంజ్‌ది. ఆమె ఔననకుండా గోడ కూల్చడానికి చట్టం ఒప్పుకోదు.

"వంటగది చీకటిగా ఉంది వదినా. ఆ గోడ తెరిస్తే కాస్త వెలుతురొస్తుందని."

"అవతల ఆ రొట్టెలవాడి ఇల్లేగా? అది మూతపడి ఎన్నేళ్ళయింది! అందులోంచి వెలుతురెలా వస్తుందయ్యా?" అన్నాడు లూసియాన్.

ఒక్తావ్ సుత్తి తీసి గోడ పక్కన పెట్టాడు. "సరే, వద్దంటే మానేద్దాం."

సొలాంజ్‌కి అక్కడే అనుమానం వచ్చింది. పెళ్ళయిన నాటి నుంచి ఈ మనిషి ఆమె మాటకు ఎదురు చెప్పకుండా ఒప్పుకున్నది లేదు.

భోజనాల దగ్గర అనుమానం ముదిరింది. ఒక్తావ్ నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. బాతు మాంసం అయ్యాక అక్రోటు కేకు తెచ్చి పెట్టాడు. గుడ్డు ఉడకబెట్టడం రాని మనిషి!

"కేకు ఎక్కడిది?"

"దొరికింది."

"మమ్మల్ని మంచి చేసుకోవాలని చూస్తున్నావా?"

"మిమ్మల్ని మంచి చేయడం నా వల్ల ఎక్కడవుతుంది వదినా? తినండి."

లూసియాన్ వైన్ గ్లాసు పట్టుకుని వెనక్కి వాలి ఆ గోడకి ఆనుకున్నాడు. "అరే, వెచ్చగా ఉందే!" అంటూ తిరిగి వేళ్ళతో తట్టాడు. డొల్లగా మోగింది.

"దాన్ని ముట్టుకోకు!" ఒక్తావ్ లేచి నిలబడ్డాడు. మళ్ళీ తనే తమాయించుకుని, "పాత గోడ... మీద పడుతుంది," అని గొణిగి, ఇంకో సీసా తెస్తానని నేలమాళిగలోకి దిగాడు.

సొలాంజ్ మొగుడి మోచెయ్యి గిల్లింది. "నాన్న సారా!"

"ఏ సారా?"

"ఆల్బఖరా సారా! యుద్ధంలో జర్మన్లు ఊళ్ళోకి వస్తున్నారని నాన్న ఎక్కడో దాచాడు. చెప్పకుండానే పోయాడు. బావిలో వెతికాం, గడ్డివాములో వెతికాం. అది ఇక్కడ ఉందన్నమాట. వీడికి తెలిసిపోయింది. వెలుతురట, వెలుతురు!"

"అందుకేనేమో గోడ వేడెక్కింది. ఇన్నేళ్ళ సారా కదా!"

"నోర్ముయ్. వాడు బయటికి పోనీ."

మర్నాడు పొద్దున్నే ఒక్తావ్ బుట్ట పుచ్చుకున్నాడు. "సంతకి పోతున్నా. సుత్తి, ఉలి అక్కడే ఉన్నాయి, కాళ్ళకు తగులుతాయి జాగ్రత్త. గోడ జోలికి మాత్రం పోకండి."

"మాకేం పని దాంతో?" అంది సొలాంజ్.

వీధి తలుపు మూసుకున్న మరుక్షణం లూసియాన్ చేతికి సుత్తి వచ్చింది. రెండు దెబ్బలకే అతను నడుం పట్టుకున్నాడు.

"ఇలా తే! రొట్టె మీద వెన్న రాయడానికి కూడా పనికిరావు నువ్వు," అని సొలాంజ్ లాక్కుంది.

తను బతికుండగా రాయి కదలకూడదన్న మాట సున్నం పెళ్ళలతో పాటే రాలిపోయింది. పై పూత ఊడితే అడ్డంగా ఓ ఓక్ దూలం కనిపించింది. దూలం కింద రాళ్ళు లేవు, ఇటుకలున్నాయి.

"చూశావా? ఇది తర్వాత కట్టింది. నాన్న చేతిపనే!"

"వాడొచ్చి అడిగితే?"

"అదే కూలిందని చెప్దాం. పాత గోడ, మీద పడుతుందని వాడే అన్నాడుగా? సీసాలు ముందు కారులో పెట్టు. ఒక్కటి కూడా వాడి కంటబడకూడదు."

సున్నం దుమ్ముకి ఆమె జుట్టు తెల్లబడింది, కనుబొమ్మలు తెల్లబడ్డాయి. పట్టు జాకెట్టు చంకలో చిరిగింది. అయినా ఆగలేదు. నాన్న చేతి సారా తన పారిస్ బల్ల మీద పెట్టి, ఒక్తావ్‌కి వాసన కూడా చూపించకుండా తాగాలి. ఆ తలపుతో వేసిన ఆఖరి దెబ్బకి ఇటుకలన్నీ ఒక్కసారిగా అవతలికి కూలాయి.

లోపల సీసాలు లేవు. లోపల వెలుతురు ఉంది.

అది గుమ్మం. ఎప్పుడో ఇటుకలు పేర్చి పూడ్చేసిన గుమ్మం. దాని అవతల, రొట్టెలవాడి ఇంట్లో, కొత్తగా వెల్ల వేసిన వంటగది. గుమ్మం పక్కనే, అదే గోడకి ఆనించిన పొయ్యి మండుతోంది. బల్ల మీద సగం కోసిన అక్రోటు కేకు, నాలుగు కాఫీ కప్పులు. ఖాళీ సంత బుట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఒక్తావ్ తాపీగా కాఫీ తాగుతున్నాడు.

ఏప్రన్ కట్టుకున్న ఒకావిడ చేతులు తుడుచుకుంటూ, ఇటుకలు దాటుకుంటూ వచ్చి, సొలాంజ్ రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది.

"సొలాంజ్ గారంటే మీరేనా? మీ అంతట మీరు దారిస్తే తప్ప ఈయన్ని పెళ్ళి చేసుకోనన్నాను. సుత్తి పట్టుకుని మరీ ఇస్తారనుకోలేదండీ!"