మూడు వాక్యాలు

“ఈ గోడ మీద ఇదివరకు ఏముండేది?” అన్నాడు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఫణిభూషణ్.

మసేను గోడవైపు చూశాడు. జగన్నాథస్వామి కేలండరు నిన్ననే రంభ ఊరి బజారులో కొని తగిలించాడు. అది చిన్నదైపోయింది. దాని చుట్టూ, పాత పటం ఉన్నమేర, సున్నం మాయకుండా తెల్లగా ఉండిపోయింది.

“పాత కేలండరండి బాబూ. సిరిగిపోతే తీసీసినాం.”

“ఏ దేవుడిది?”

“గుర్తు నేదండి.”

గుమ్మం దగ్గర నిలబడ్డ అప్పలరాజు నవ్వాడు. మసేను ఇంటిల్లిపాదీ క్రైస్తవులనీ, వాళ్ల ఎస్సీ సర్టిఫికెట్టు చెల్లదనీ ఫిర్యాదు పెట్టింది ఆ వీధివాడైన అతనే. మసేను కూతురు సాయిపద్మకు బరంపురంలో డాక్టరు చదువుకు సీటొచ్చింది. అప్పలరాజు మేనకోడలు వెయిటింగు లిస్టులో ఆ పిల్ల వెనకే ఉంది.

క్రైస్తవంలోకి మారినవాడికి ఆ సర్టిఫికెట్టు ఉండదని చట్టం. మసేను ప్రభువును నమ్ముకుని ఇరవై ఏళ్లు దాటింది. టీకొట్టులో అతని గ్లాసు మాత్రం ఇప్పటికీ విడిగానే ఉంది. ఆ గ్లాసు సంగతి ఏ చట్టంలోనూ రాయలేదేమని అతను చాలాసార్లు అనుకున్నాడు.

ఫణిభూషణ్ జేబులోంచి ఫోను తీసి ఒక వీడియో పెట్టాడు. మసేను సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఆదివారాలు కొట్టు వెనక గదిలో వాక్యం చెబుతాడు. సూరత్ మిల్లుల్లో పనిచేసే తమ ఊరివాళ్ల కోసం దాన్ని ఫోనులో ప్రసారం చేస్తాడు. ఇంత దూరం మాటను మోసుకెళ్లే యంత్రం దేవుడి వరం కాక మరేమిటని మురిసిపోయేవాడు. వీడియోలో కిటికీ వెలుగు వెనకనుంచి పడి ముఖం తెలియడం లేదు. గొంతు మాత్రం ఖంగుమంటోంది: ‘ప్రాణం పోయినా ఆయన్ని కాదనకండి!’

“ఈ గొంతు నీదేనా?”

“నాది కాదండి.”

ఇన్‌స్పెక్టరు వంటగదిలోకి నడిచాడు. ఎక్కడ వెతకాలో ముందే తెలిసినవాడిలా గుమ్మం పైచెక్క తడిమాడు, ట్రంకుపెట్టెలో చీరల కింద చెయ్యి పెట్టాడు, చివరికి బియ్యం డబ్బా మూత తీశాడు. మసేను భార్య కూర్మమ్మ ఒకడుగు ముందుకేసింది. పరిశుద్ధ గ్రంథం ఆ బియ్యం అడుగునే ఉంది.

“పాత బియ్యమా?”

“పాతవే బాబూ.”

మూత పెట్టేశాడు. “పిల్లను ఇంట్లో ఏమని పిలుస్తారు?”

“పద్దమ్మ అంటామండి,” అంది కూర్మమ్మ. పుట్టిన దగ్గర్నుంచి ఆమె కూతుర్ని రూతమ్మ అని తప్ప పిలిచి ఎరగదు.

ఇన్‌స్పెక్టరు మంచం మీద కూర్చుని ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాశాడు. “గట్టిగా చదివి సంతకం పెట్టు. గుమ్మం దాకా వినపడాలి.”

మసేను చెయ్యి చాచలేదు.

“నాన్నా, ఒద్దు,” అంది సాయిపద్మ. “నాకీ సీటొద్దు. ఇంకేదైనా సదూకుంటాను.”

మసేనుకు తమ్ముడు కొండలు కళ్లముందు మెదిలాడు. రెండోసారి కరోనా వచ్చినప్పుడు కొండలుకి ఊపిరందలేదు. ఆస్పత్రికి వెళ్లడం అవిశ్వాసమన్నాడు అప్పటి పాస్టరు. మంచం చుట్టూ చేరి రెండు రోజులు పాడారు. అందరికన్నా గట్టిగా పాడింది మసేనే. మూడో రోజు పొద్దున్న పాట ఆపాల్సి వచ్చింది. నాడి చూడడం కూడా రాని తొమ్మిదో తరగతి సాయిపద్మ, చిన్నాన్న చెయ్యి పట్టుకుని కూర్చుని, నేను డాక్టర్నవుతానంది. మందూ ప్రార్థనా ఒకే చేతినుంచి వస్తాయని మసేను ఆ తర్వాతే చెప్పడం మొదలుపెట్టాడు. కొండలుకి అది పనికిరాలేదు.

కాగితం అందుకున్నాడు.

“నేను క్రైస్తవుణ్ణి కాను. నేను ఏ ప్రార్థన మందిరానికీ వెళ్లను. మా ఇంట్లో...”

కాగితం దించేశాడు.

“మళ్లీ చదువు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“మా ఇంట్లో యేసు ప్రార్థన జరగదు.”

సంతకం పెట్టాడు.

“ఒట్టి అబద్దం బాబూ! ఊరంతటికీ తెల్సు,” అని అరిచాడు అప్పలరాజు.

“ఊరికి తెలిస్తే సరిపోదు. ఇంతకన్నా గట్టి సాక్ష్యముంటే ఆఫీసుకి పట్టుకురా. ఫిర్యాదు రుజువు కాలేదని రాస్తున్నాను.”

అప్పలరాజు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఇన్‌స్పెక్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

సీటు దక్కింది. కూర్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సాయిపద్మ తండ్రి మొహంలోకి చూడలేదు. వచ్చే ఆదివారం ఆ గదిలో నిలబడి ఏం చెప్పాలి? ఎవరి పేరున చెప్పాలి? మసేను ఒక్క ఉదుటున వీధిలోకి పరిగెత్తాడు.

ఇన్‌స్పెక్టరు మోటారుసైకిలు ఎక్కుతున్నాడు. మసేను హేండిల్ పట్టుకున్నాడు.

“ఆ కాగితం ఇచ్చీండి బాబూ. సింపీస్తాను. నాను ఇలాగ బతకనేను.”

“లోపలికి వెళ్లు. ఎవరైనా చూస్తారు.”

“సూడనీండి. ఆయన్ని కాదన్నాను. నా నోటితో నానే కాదన్నాను.”

“అలవాటవుతుంది.”

“మీకేటి తెలస్తాది బాబూ ఈ బాద!”

ఫణిభూషణ్ వీధికి అటూ ఇటూ చూశాడు. మసేను చేతిమీద చెయ్యి వేసి, గొంతు తగ్గించాడు.

“ఈ ఉద్యోగానికి నేనూ ఇదే సంతకం పెట్టాను, బ్రదర్.”