పోయేటప్పుడు పాఠం, వచ్చేటప్పుడు పాట

ఆ మనిషిని నడిదారిలో దించింది మీరే. పెనుకొండ నుంచి హిందూపురం పోయే జీపులో ముందు సీటు కోసం కొట్లాడే పెద్దమనుషులారా, మీరే! బ్రేకు తొక్కింది డ్రైవరు నాగేంద్ర కాలు. తొక్కించింది మీ నోరు.

రెండువేల ఆరు, జనవరి. నాగేంద్ర జీపులో టేపు పాతది. వేసిన క్యాసెట్టునల్లా నమిలేది.

ఒక పొద్దున తల నెరిసిన మనిషి ఎక్కాడు. పేరు ఓబుళప్ప అన్నాడు. జేబులోంచి అగ్గిపెట్టె అంత ఎంపీత్రీ తీశాడు.

"నాయనా, దీన్ని నీ టేపుకు తగిలిస్తావా?"

"ఇది క్యాసెట్ల టేపప్పా. యాడ తగిలించేది?"

"లోపల ఒక వైరు అతికిస్తే అయితాది. నేనే చేయిస్తా. పోయేటప్పుడు నా పాఠం, వచ్చేటప్పుడు నీ పాట."

"పాఠమా?"

"పది కట్టినా. మార్చిలో పరీక్ష. ఈ తూరన్నా పాస్ కావల్ల. వినేదానికి ఈ దావలో తప్ప తీరిక లేదు."

ముందు సీటు గొల్లుమంది.

హిందూపురం రేడియో అంగట్లో టేపు విప్పారు. లోపల వైరు అతికించి, బయటికి ఒక పిన్ను వేలాడదీశారు. ఒకటే షరతు. లోపల ఏదో ఒక క్యాసెట్టు తిరుగుతూ ఉండాలి, లేకపోతే టేపు పలకదు. నాగేంద్ర రీలు పీకేసిన క్యాసెట్టు ఒకటి తోశాడు.

మర్నాటి నుంచి జీపులో ఒక ఆడగొంతు నిదానంగా సాంఘికశాస్త్రం చెప్పింది.

"ఎవురప్పా ఈయమ్మ?" అన్నాడు పట్టుగూళ్ల వ్యాపారి ఆంజనప్ప.

"నా పెండ్లాం. చదివి పెడ్తాది, నేను వింటా."

"పెండ్లాం చెప్పినా తలకెక్కలేదంటే ఇంగ నీకు దేవుడే దిక్కు!"

ఇంకోరోజు ఇంకోటి.

"రీలు లేని క్యాసెట్టు మాదిరి ఏటేటా పది సుట్టూ తిరుగుతాండాడబ్బా ఈయప్ప. తిరిగేదే, పలికేది లేదు!"

ఓబుళప్ప వాళ్లతో కలిసి నవ్వేవాడు.

వెనక కూర్చునే ఆడవాళ్లు మాత్రం నవ్వలేదు. దారం మిల్లులో కూలికి పోయేవాళ్లు. తలలు వంచుకొని కూర్చునేవాళ్లు. వాళ్లలో నాగేంద్ర చెల్లెలు పుష్పావతి ఉంది. నిద్రమత్తు అనుకున్నాడు అన్న.

ఫిబ్రవరిలో ఒకరోజు, సోమందేపల్లి దాటగానే ఆంజనప్ప గొంతు లేచింది.

"నాగేంద్రా, పాట పెడ్తావా, రేపట్నుంచి మేమంతా ఇంగో జీపు ఎక్కల్లా?"

"అవునప్పా, పొద్దున్నే ఈ గోల మాకేల?" అన్నారు పక్కవాళ్లు.

జీపు ఆగింది.

"దిగప్పా," అన్నాడు నాగేంద్ర, మొహం చూడకుండా.

"సైన్సు ఒకటే మిగిలుండాది నాయనా. కొన్ని దినాలు ఓర్చుకో."

"ఏటా మిగిలేదే కదా నీకు!" అన్నాడు ఆంజనప్ప.

వెనక పుష్పావతి లేవబోయింది. పక్కనున్న చౌడక్క చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

ఓబుళప్ప ఎంపీత్రీ జేబులో పెట్టుకున్నాడు. నాగేంద్ర వైరు పీకబోతే ఆపాడు.

"ఉండనీలే. నీ పాటలకు అక్కరకొస్తాది."

మళ్లీ ఆయన ఆ జీపు ఎక్కలేదు. నాగేంద్ర తానూ ఒక ఎంపీత్రీ కొని తగిలించాడు. పోయేటప్పుడూ పాటలే, వచ్చేటప్పుడూ పాటలే.

మే నెల. సాయంత్రం జీపు ఖాళీగా పెనుకొండకు తిరిగొస్తోంది. పుష్పావతి ఒక్కతే ఉంది.

"అన్నా, పాట ఆపు. నేను పది కట్టింటి. ఈపొద్దు రిజల్టు వచ్చింది."

"నువ్వా? ఎప్పుడు చదివితివి అమ్మీ? పాసేనా?"

"సైన్సు పోయింది. చౌడక్కకూ సైన్సే. వెనక కూసునేటోళ్లందరికీ సైన్సే."

"అదేందమ్మీ, అందరికీ ఒకటేనా!"

పుష్పావతి టేపు నుంచి వేలాడే వైరు చూపించింది.

నాగేంద్ర జీపు పక్కకు తీసి ఆపాడు.

"మరి... ఆయప్పకు?"

"ఆయప్ప పరీక్షే కట్టలేదన్నా. మాకు పగలు మిల్లు, రాత్రి ఇంటిపని. పోయే దావే బడి. మేము చదువుతాండామంటే అందరూ నవ్వుతారు, నువ్వు మానిపిస్తావు. ఆ నవ్వు తాను నెత్తికెత్తుకున్న్యాడు. హిందూపురంలో దిగి, మళ్లా బస్సెక్కి ఎనక్కి వస్తాండె."

"ఎందుకమ్మీ? మీకేమైతాడు ఆయప్ప?"

పుష్పావతి కళ్లు తుడుచుకుంది. గొంతు మాత్రం తగ్గించలేదు.

"జూన్‌లో మళ్లా పరీక్ష ఉండాది. పది లేకుంటే నాకు అంగన్‌వాడీ పని రాదు. ఆయప్ప ధర్మవరంలో చీరలంగట్లో కుదిరినాడంట. రేపు హిందూపురం ట్రిప్పు మానెయ్యి. పో. రాత్రిబడికి సర్కారు తాళమేసినా మమ్మల్ని ఇడిసిపెట్టని మా అయివారిని పిల్చకరా!"