చెట్టుకు పూచీ

యలమంద పెరట్లోని మామిడిచెట్టు ఏడేళ్లయినా ఒక్క కాయ కాయలేదు. పశువుల ఎరువు వేశాడు, కొమ్మలు కత్తిరించాడు, మిరపచేనుకు తెచ్చిన మందు కూడా కొట్టాడు. ఏటా పూత విరగబూయడం, మబ్బు పట్టగానే ఆ తేమకు నల్లబడి రాలిపోవడం.

ఇక మిగిలింది, కాయని చెట్టు భయపడి కాస్తుందని పెద్దలు చెప్పినట్టు, చెట్టును బెదిరించడమే. దానికి ఇద్దరు కావాలి. ఒకరు గొడ్డలి ఎత్తి నరుకుతానంటే, ఇంకొకరు మానును వాటేసుకుని పూచీ పడాలి. భార్య నాగజ్యోతి చెల్లెలి పురిటికని సింగరాయకొండ వెళ్లింది. పక్కింటి ఎలీషాను పిలిస్తే పగలబడి నవ్వాడు.

"సెల్‌ఫోన్లొచ్చిన కాలంలో ఇదేం పనిరా యలమందా!"

ఒళ్లు మండింది. ఊరు సద్దుమణిగాక రెండు పాత్రలూ తనే వేశాడు.

"ఏడేళ్లు నీళ్లు తాగావు కదే, సిగ్గులేనిదానా! నరికి పొయ్యిలో పెడతా!"

గొడ్డలి అక్కడే ఎండుటాకుల మీద పడేశాడు. చెట్టు వెనక్కి వెళ్లి, రెండు చేతులా మానును వాటేసుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"ఆగండి. ఈ ఒక్క ఏడూ చూడండి. పూచీ నాది."

తన మాట తనకే చిరాకనిపించింది. అప్పటిదాకా అరుస్తున్న కీచురాళ్లు ఆగిపోయాయి.

చెట్టు ముందు నుంచి, ఇందాక తను నిలబడ్డ చోటి నుంచి, అచ్చం తన గొంతే పలికింది.

"ఏడేళ్లు ఆగాను. ఇక నావల్ల కాదు."

ఎండుటాకుల మీంచి గొడ్డలి లేచిన చప్పుడైంది.

మానును చుట్టుకున్న యలమంద వేళ్లు అటువైపే ఉన్నాయి.