పదహారు గంటల ఉపవాసం

"సింగపూర్‌ల దిగిందో లేదో మళ్ళొక్కసారి చూడు బిడ్డా."

మోకాళ్ళ మీద ఉండే అడిగింది మేరీ. పొద్దున ఏడైంది. ఎంకపల్లిలో ఆ ఇంటి ముందుగదిలో చాప పరుచుకుని, నిన్న రాత్రి విమానం లేచినప్పటి నుంచి ఆమె ఉపవాస ప్రార్థనలో ఉంది. ఆడబిడ్డ ప్రేమజ్యోతి మెల్‌బోర్న్‌లో నేల మీద కాలు పెట్టేదాకా మంచినీళ్ళు కూడా ముట్టనని పట్టుబట్టింది.

"దిగిందవ్వా. అర్ధగంటల మళ్ళ లేస్తది," అంది మనవరాలు అక్షయ, ఫోనులో విమానం బొమ్మ చూస్తూ.

"ఇంకెంత దూరం?"

"మొత్తం తొమ్మిదివేల మూడొందల కిలోమీటర్లు. ఇంక ఆరువేలున్నది. ఏడున్నర గంటలు."

"మధ్యల గిట్ల వెనక్కి మర్లిస్తరా? మన మెహిదీపట్నం బస్సు చెడిపోతే మొయినాబాద్‌కే తిరిగొచ్చినట్టు?"

"ఎందుకు మర్లిస్తరు? నువ్వు ఫికర్ చేయకు."

ప్రేమజ్యోతి మెల్‌బోర్న్‌లోనే నర్సుగా చేసి రిటైరైన మనిషి. చుట్టాల పెళ్ళికని పదిహేను రోజులకు వచ్చి మూడు నెలలుంది. వంటింట్లో ఉప్పు డబ్బా నుంచి వదిన మందుల డబ్బా దాకా అన్నీ తనే చూసుకుంది. వెళ్ళేటప్పుడు వదినను పట్టుకుని ఒకటే ఏడుపు. మేరీయే ఆమె కళ్ళు తుడిచి, పెట్టెలు తన చేత్తో మోసి కారులో పెట్టింది.

కృపాకర్ రాగిజావ గ్లాసుతో వచ్చి భార్య ముందు కూర్చున్నాడు.

"నీకు షుగరున్నది. చేవెళ్ల దవాఖానల డాక్టరేం చెప్పిండు? నా చెల్లె ఏమన్న చిన్నపిల్లనా? జర తాగు."

"ముట్ట."

"నేను ఢిల్లీ పోయిననాడు ఒక్క పూటన్న మానినవా?"

"నువ్వు తిరిగొస్తవని తెలుసు గద."

తన చెల్లెలి మీద ఇంత ప్రాణం ఉందని నలభై ఏళ్ళ కాపురంలో తనకు తెలియనే లేదని కృపాకర్ గొణుక్కుంటూ లేచాడు.

ఒంటిగంటకు మేరీ గోడకు ఒరిగిపోయింది. అక్షయకు భయం వేసి భుజం పట్టుకుంది.

"అవ్వా, సగం దాటి చాలసేపైంది. ఇగ ఏమైనా ముందుకే పోతది గాని ఇటు రాదు. జావ తాగు."

ఆ మాటతో మేరీ మొహం విప్పారింది. జావ ముట్టలేదు గానీ లేచి మళ్ళీ మోకరించింది. పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం బయటికి రావడం లేదు.

మూడింటికి విమానం దిగింది. "స్తోత్రం తండ్రీ," అంటూ మేరీ రెండు గుక్కల జావ మింగిందో లేదో, ఫోను మోగింది.

"వదినా," అంది ప్రేమజ్యోతి. "అక్షయ మెసేజ్ చూసిన. నా కోసం నీళ్ళు గూడ ముట్టలేదంట. నా కడుపున పుట్టినోళ్ళు గూడ ఇంత చెయ్యలే. నాకీడ ఎవరున్నరు? వచ్చే నెలనే టికెట్ తీస్కుంట. ఇగ ఉన్నన్ని దినాలు నీతోనే."

మేరీ ఫోను అక్షయ చేతిలో పెట్టి, గ్లాసు పక్కకు జరిపి, మళ్ళీ చాప మీదికి చేరింది.

"ఇంకెందుకవ్వా? మంచిగ దిగింది గద," అంటూ లేపబోయి అక్షయ దగ్గరికి వంగింది. ఈసారి మాట వినబడింది.

"నిన్నటి సంది ఒక్కటే అడుగుతున్న గద తండ్రీ, ఆమెను మళ్ళ ఇటు రానియ్యకు."