లీటరుకు నాలుగు కిలోమీటర్లు

ప్రేమయ్య ఆటో తుడుస్తుంటే ఎవరో వచ్చి వెనక నిలబడ్డారు.

"ప్రేమయ్య అంటే నువ్వేనా అప్పా?"

తిరిగి చూశాడు. యాభై ఏళ్ల మనిషి. చొక్కా నలిగిపోయి ఉంది. అప్పుడే కడప బస్సు దిగినట్టు టికెట్టు ఇంకా చేతిలోనే ఉంది.

"నేనే. యాడికి పోవల్ల?"

"యాడికీ పోను. నీ ఆటోలో నీళ్ల డబ్బా పెట్టినావు కదా. అది తీసెయ్యమని చెప్పేదానికి వచ్చినా."

ప్రేమయ్య ముఖం ముడుచుకుంది.

ఆ డబ్బా అతను ఇంట్లో సొంతంగా చేసుకున్నది. వాట్సాప్‌లో తిరుగుతున్న ఒక వీడియో చూసి చేశాడు. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సోడా ఉప్పు కలిపిన నీళ్లు పోసి, స్టీలు రేకులు దించి, బ్యాటరీ నుంచి వైర్లు లాగాడు. లోపల పుట్టే గ్యాసు సన్నటి గొట్టం గుండా ఇంజనుకు పోతుంది. పెట్రోలు తక్కువ తాగుతుందని వీడియోలో రాశారు. అందులో మాటలు లేవు, మనిషి ముఖం కూడా లేదు. పని చేసే రెండు చేతులు, కింద అక్షరాలు. అంతే.

డబ్బా బిగించాక లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఎక్కువ వస్తోంది. కర్నూలు పక్కనున్న కల్లూరు ఆటోస్టాండులో ఎదురైన ప్రతివాడికీ ఆ సంగతి చెప్పుకున్నాడు.

"ఎందుకు తీయల్ల?"

"అది పేలుతుందప్పా. చిన్న నిప్పురవ్వ చాలు."

"నెలయింది. పేల్లేదే! మైలేజి ఎంతొస్తాండాదో తెలుసా?"

"తెలుసు. అది డబ్బా ఇచ్చింది కాదు. డబ్బా పెట్టినప్పటి నుంచి మైలేజి చూసుకుంటా నువ్వు మెల్లగా నడుపుతాండావు. తీసేసి అట్లనే నడుపు. ఆ నాలుగూ వస్తాయి."

నిజమేనేమో అనిపించింది ప్రేమయ్యకు. అలా అనిపించినందుకే కోపం వచ్చింది.

"ఏమప్పా, నీకేమన్నా అంగడుండాదా? నీ సరుకు కొనల్లనా?"

"నేనేం అమ్మను."

"అయితే పో."

అతను వెళ్లిపోయాడు. మరునాడు పొద్దున మళ్లీ వచ్చాడు.

అప్పటికి ఆటో నిండా బడిపిల్లలు. వెనక సీట్లో ప్రేమయ్య కూతురు దీవెన కూర్చుని ఉంది. డబ్బా ఆ సీటు కిందే.

పిల్లలను చూడగానే ఆ మనిషి ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. ఆటో వెనక్కి పోయి, వంగి, డబ్బా వైపు చెయ్యి చాచాడు.

చెయ్యి వైరును తాకకముందే ప్రేమయ్య వచ్చి చెంప మీద కొట్టాడు.

అతను చెవి పట్టుకుని కింద కూలబడ్డాడు.

"నా బండి మీద చెయ్యేసేకి ఎవరు నువ్వు?"

అతను కింద నుంచే తలెత్తి చూశాడు.

"ఇంకోటి కొట్టప్పా. కొట్టి, పిల్లోళ్లను దించి అది తీసెయ్యి."

స్టాండులోవాళ్లు రెక్క పట్టుకుని అవతలికి తీసుకుపోయారు. ప్రేమయ్య ఆటో కదిలించాడు.

మూడో రోజు బడి ముందు పిల్లలందరూ దిగారు. దీవెన సంచి కోసం సీటు మీదికి వంగింది.

డబ్బా పేలింది.

ఆసుపత్రిలో కూతురి చేతికి మోచేతి దాకా కట్టు. భార్య జ్ఞానమణి మంచం పక్కనుంచి లేవలేదు. మొగుడి ముఖం చూడలేదు.

"ఎవరో వచ్చి రెండుసార్లు చెప్పినాడంట. స్టాండులో అందరికీ తెలుసు. నాకు ఒక్క మాటన్నా చెప్పల్యా నువ్వు."

ప్రేమయ్య బయటికి నడిచాడు. మరునాడంతా కర్నూలు బస్టాండులో ఆ మనిషి కోసం వెతికాడు. దొరకలేదు. తిరిగి తిరిగి, తన మీద తనకున్న కసినంతా ఆ వీడియో చేసినవాడి మీదికి మళ్లించాడు. దాని చివర్లో ఒక ఫోన్ నంబరు ఉంది. డబ్బా బిగించిన రోజు తన పేరు, ఊరు, ఆటో ఫోటో ఆ నంబరుకే పంపి, థాంక్స్ అన్నా అని రాశాడు.

ఫోన్ చేశాడు. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"మీ దిక్కుమాలిన వీడియో చూసి నా బిడ్డ కాలిందమ్మా! ఆ పెద్దమనిషికి ఫోనియ్యి!"

ఆమె అడిగింది ఒక్కటే.

"బిడ్డ బతికుండాదా నాయనా?"

"ఉండాది."

"అంతే చాలు. మా కొడుకు శామ్ ఆటోలో పేలినప్పుడు మాకు వాడు మిగల్ల."

ప్రేమయ్య గొంతు తగ్గింది.

"ఆయప్పను పిలువమ్మా."

"ఇంట్లో లేడు నాయనా. ఫోన్లో చెప్తే ఎవరూ ఇనడం ల్యాదని, డబ్బా పెట్టినామని రాసినోళ్ల పేర్లన్నీ కాగితం మీద ఎక్కించుకొని ఊరూరూ తిరుగుతాండాడు. మొన్న కల్లూరులో ఎవరో కొట్టినారంట, ఒక చెవి ఇనపడ్డం ల్యా. అయినా ఇంకా పేర్లు మిగిలుండాయని ఈ పొద్దు పత్తికొండ బస్సెక్కినాడు."